గట్టు మీద లేనోడికి హద్దు లేదు

పోస్టు కొంచెం పెద్దది. పొలం పని అయినాక తీరిగ్గా చదవండి, సగంలో మాత్రం ఆపొద్దు. మీ సెంట్ల గురించే రాస్తన్నా.

రీసర్వే గురించి టీ బంకుల కాడ రెండే మాటలు వినపడతన్నాయి. ఒకటి, "డ్రోన్ ఎగరేసి మా పొలం తగ్గించారు" అని. రెండోది, "అదంతా పోయిందిలే, టైట్లింగ్ చట్టాన్నే ఎత్తేశారు గదా" అని. మొదటి మాట సగం తప్పు. రెండో మాట పూర్తిగా తప్పు. ముంచేది ఆ రెండోదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ల్యాండ్ టైట్లింగ్ చట్టం వేరు, రీసర్వే వేరు. టైట్లింగ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. రీసర్వే దాని మీద ఆధారపడి నడిచింది కాదు. 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట కాడ తక్కెళ్లపాడులో మొదలుపెట్టినప్పుడూ, మధ్యలో ఆపి 2025 జనవరిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడూ, దానికి ఆధారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టమే. పాస్‌బుక్ మీద బొమ్మ పోయి రాజముద్ర వచ్చింది. చట్టం మాత్రం అదే. మన పార్టీ వచ్చిందనో, వాళ్ల పార్టీ పోయిందనో నిద్రపోయేవాళ్లకి ఇదే చెప్తన్నా: ఏ పార్టీ ఉన్నా కొలిచేది మన పొలాన్నే.

ఆ చట్టంలో రైతు గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు మూడే. 9(2), 13, 14.

9(2) అంటే, "నీ హద్దు ఇట్టా రాశాం, చూసుకో" అని మనకిచ్చే నోటీసు. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాలి. 13 అంటే, ఊరి సర్వే పూర్తయిందని ప్రకటన. ఆ ప్రకటన వచ్చిందంటే, రికార్డులో రాసిన హద్దే సరైన హద్దని చట్టం లెక్క కడుతుంది, సివిల్ కోర్టు మార్చితే తప్ప. 14 అంటే, ఆ కోర్టుకి పోవడానికి మనకిచ్చిన గడువు, మూడేళ్లు.

అర్థమైందా? 13 ప్రకటనకి ముందు ఒక తెల్లకాగితం, ఒక ఉదయం ఖర్చు పెడితే పోయే తప్పు, తర్వాత లాయరు ఫీజు, వాయిదాలు, పక్క పొలపోడితో జీవితకాలం పగ అవుద్ది. మన దగ్గర ఒక కారు మిర్చి పోతే ఇంకో కారుకి లేస్తాం. హద్దు పోతే లేచేది మన పిల్లలు కూడా కాదు. నేను చెప్పేది ఇదొక్కటే: తప్పు పుట్టేది గట్టు మీద, దాన్ని గట్టు మీదే చంపాలి.

ఇక "డ్రోన్ తగ్గించింది" అనే మాట. డ్రోన్ పైనించి ఫోటో తీస్తుంది, అంతే. గట్టు కనపడే చోట ఫోటో పనికొస్తుంది. సుబాబుల్, జామాయిల్ తోటల్లో గట్టు పైకి కనపడదు. కింద రోవర్ పట్టుకుని మూల మూలకీ పాయింట్ తీసుకుంటారు. రోవర్ మంచి యంత్రమే, సిగ్నల్ బాగుంటే రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో చెప్తుంది. కానీ దానికి ఇది వెంకయ్య హద్దా, సుబ్బయ్య హద్దా అని తెలియదు. కర్ర ఎక్కడ గుచ్చితే అక్కడ కొలుస్తుంది. ఎక్కడ గుచ్చాలో చెప్పేది మనిషి. ఆ మనిషి నువ్వు కాకపోతే పక్క పొలపోడు. వాడూ లేకపోతే సర్వేయర్ కంటికి ఏది గట్టులాగా కనపడితే అది.

ఒక లెక్క చెప్తా. 200 మీటర్ల పొడుగున్న గట్టు రెండడుగులు పక్కకి జరిగిందనుకోండి. 656 అడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, మొత్తం 1312 చదరపు అడుగులు. సెంటుకి 435.6 చదరపు అడుగులు. అంటే మూడు సెంట్లు. గట్టు మీద నిలబడి చూస్తే రెండడుగులు కంటికి ఆనదు. రోడ్డు పక్క పొలమైతే ఆ మూడు సెంట్ల విలువెంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. కృష్ణా డెల్టాలో చాలామంది రైతులకి బ్రిటిష్ వాళ్ల నాటి నుంచీ రైత్వారీ రికార్డు ఉంది. మన పొదిలి, దర్శి వైపు ఊళ్లు చాలావరకు వెంకటగిరి రాజా వారి జమీందారీ. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే మనకి రైత్వారీ సెటిల్‌మెంట్ జరిగింది. తాలూకాగా నెల్లూరు జిల్లాలో ఉన్నాం, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాం. చేతులు మారిన రికార్డు మనది. అందుకని "ఆఫీసులో అన్నీ ఉంటయ్ లే" అని మనం ధీమాగా ఉండే వీల్లేదు. ఆఫీసులో ఉన్నదేందో మనం ముందే చూసుకోవాలి.

ఇప్పుడు మనవాళ్లు చేసే తప్పులు ఒక్కొక్కటీ చెప్తా. కోపం వస్తే రానీయండి.

మొదటిది, రాకపోవడం. ఊళ్లో దండోరా వేశారు, సచివాలయంలో నోటీసు పెట్టారు, వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పెద్దోడు హైదరాబాద్‌లో, చిన్నోడు బెంగళూరులో. పొలం కౌలుకిచ్చాం, కౌలు రైతుని నిలబెడదాం అంటారు. కౌలు రైతు మంచోడే కావచ్చు. కానీ పదేళ్ల కింద మీ నాన్న, పక్కాయన మాట్లాడుకుని ఏ రాయి కాడి నుంచి ఏ వేప చెట్టు కాడికి హద్దు అనుకున్నారో ఆయనకెట్టా తెలుస్తుంది? పెళ్లికి, తిరునాళ్లకి బస్సెక్కి వచ్చేవాళ్లు పొలం కొలిచే రోజుకి రాలేరా?

రెండోది, చనిపోయినోళ్ల పేరు మీద పొలం వదిలేయడం. తాత పేరు మీద పాస్‌బుక్, నోటి మాట మీద పంపకం. అన్నదమ్ములు ముగ్గురూ మధ్యలో గట్లు వేసుకుని ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తన్నారు, కాగితం మీద మాత్రం ఒకే ముక్క. సర్వేయర్ వచ్చి "ఎవరి పేర్లు రాయమంటారు?" అంటే, "అందరివీ కలిపి రాసేయండి సార్" అంటారు. అట్టా పుట్టిందే ఉమ్మడి ఎల్‌పీఎం. ఆ రోజు చాయ్ తాగి నవ్వుకుంటా ఇంటికొస్తారు. తర్వాత ఒకడు బ్యాంకు లోన్‌కి పోతే మిగతా ఇద్దరి సంతకం కావాలంటారు. ఒకడు అమ్ముకోవాలంటే ఏ వైపు ముక్క వాడిదో కాగితం చెప్పదు. పంపకం చేసుకున్నవాళ్లు ముందే రిజిస్టర్ చేసుకోండి, సబ్ డివిజన్ చేయించుకోండి. కొలిచే రోజున ముగ్గురి ముక్కలు విడివిడిగా చూపించండి. ఆడపిల్లల వాటా ఏమన్నా ఉంటే అది కూడా ముందే తేల్చుకోండి. దాచిపెట్టిన వాటా కోర్టులో బయటపడుద్ది.

మూడోది, చెక్కుబందీ చదవకపోవడం. దస్తావేజులో "ఈ సర్వే నంబర్లో ఉత్తరం వైపు ఎకరం యాభై సెంట్లు" అని ఉంటది. నాలుగు దిక్కులా ఎవరి పొలం ఉందో రాసి ఉంటది. ఆ పేర్లలో సగం మంది చనిపోయారు, పొలాలు చేతులు మారాయి. ఇప్పుడా దిక్కున ఎవరున్నారో ముందే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే కోర్టులు మామూలుగా హద్దుల వైపే చూస్తాయి. మనవాళ్లు ఎకరాల అంకె తప్ప ఇంకేదీ చూడరు.

నాలుగోది, మొత్తం చూసి తృప్తి పడటం. "మూడెకరాల ఇరవై ఉంది, మూడెకరాల ఇరవయ్యే వచ్చింది" అని సంతకం పెడతారు. ఒక పక్క గట్టు లోపలికి జరిగి, ఇంకో పక్క బయటకి జరిగినా మొత్తం అదే వస్తుంది. రేపు పక్కాయన రాయి చూపించి మన బోరు తన పొలంలో ఉందంటాడు. ఎల్‌పీఎం చేతికి రాగానే ప్రతి భుజం పొడుగు మీటర్లలో చూసుకోండి. పాత ఎఫ్ఎంబీ తీసుకుని పక్కన పెట్టుకోండి. అందులో లింకుల్లో ఉంటే, వంద లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు, అంటే ఐదు లింకులు సుమారు ఒక మీటరు. ఇంటర్ చదవక్కర్లేదు, ఐదో తరగతి లెక్క చాలు.

ఐదోది, తోటల్లో కొలతని నమ్మడం. చెట్ల కింద రోవర్‌కి శాటిలైట్ సిగ్నల్ సరిగా అందదు. స్క్రీన్ మీద "ఫిక్స్" అని వస్తేనే ఆ పాయింట్ గట్టిది. "ఫ్లోట్" అని ఉంటే అడుగుల్లో తేడా రావచ్చు. "సార్, ఫిక్స్ వచ్చిందా?" అని అడగడానికి సిగ్గెందుకు? పొగాకు వేలం కేంద్రంలో తూకం కాటా వైపు కళ్లార్పకుండా చూసేది మనమే గదా.

ఆరోది, నోటి అభ్యంతరం. "సార్‌కి చెప్పాను, రాసుకున్నాడు" అంటారు. రాసుకున్నదేది? అభ్యంతరం కాగితం మీద ఇవ్వాలి, రెండు కాపీలు. ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోవాలి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, లేదా సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి నంబర్ తెచ్చుకోండి. కాగితం లేని అభ్యంతరం గాలికి చెప్పిన మాటే.

ఏడోది, లీడర్ చూసుకుంటాడనుకోవడం. లీడర్ అటు నీకూ మాటిస్తాడు, ఇటు పక్క పొలపోడికీ మాటిస్తాడు, ఇద్దరి ఓట్లూ ఆయనకి కావాలి. ఇంకొందరు రాత్రిపూట రాళ్లు పీకి జరుపుతారు. మూలల లెక్కలు కంప్యూటర్‌లో ఉన్నాయి, రాయి జరిపితే హద్దు జరగదు. పైగా సర్వే రాయి పీకడం నేరం. కేసు మీద కేసు అవుద్ది.

ఇంతవరకు మనల్ని మనం తిట్టుకున్నాం. ఇప్పుడు ఆఫీసు వైపు తిరుగుతా. తప్పంతా రైతుదే అంటే నేను ఒప్పుకోను.

గ్రామ సర్వేయర్లు చాలామంది 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు వచ్చిన పిల్లలు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఎండలో వాళ్లూ తిరుగుతన్నారు. కోపమల్లా వాళ్ల నెత్తిన "ఇన్ని రోజుల్లో ఇన్ని ఎకరాలు" అని టార్గెట్ పెట్టే పద్ధతి మీద. గడువు తరుముకొస్తే ఎవడైనా కనపడ్డ గట్టునే హద్దని రాసి పోతాడు. మిర్చి కోతల్లో, పొగాకు క్యూరింగ్ నడిచేటప్పుడు పొలానికి రమ్మంటే రైతు ఎట్టా వస్తాడు? నోటీసు సచివాలయం గోడకి అంటిస్తే, ఒంటరిగా ఉండే ముసలామెకి అది చేరినట్టేనా? "మీరు అభ్యంతరం చెప్పలేదు గదా" అనే మాట అనాలంటే, ముందు నోటీసు చేతికి ఇచ్చామని చూపించాలి.

అందుకని గ్రామసభలో మనం గట్టిగా అడగాల్సినవి ఉన్నాయి. ప్రతి పట్టాదారుకి చేతికి నోటీసు ఇవ్వాలి, ఊళ్లో లేనోళ్లకి పోస్టులో పంపాలి. మొదటిసారి రానోళ్లకి ఇంకో తేదీ ఇవ్వాలి. 13 ప్రకటనకి ముందే భుజాల కొలతలతో ఎల్‌పీఎం కాపీ ఇంటికి ఇవ్వాలి. డొంకలు, వాగు పోరంబోకులు ముందే గుర్తుపెట్టి ఊరంతటికీ చూపించాలి, లేకపోతే డొంక పక్కనున్న చిన్న రైతు పొలమే ప్రతిసారీ చిక్కుతుంది. ఇవన్నీ తీర్మానం పుస్తకంలో రాయించండి. ఇవి మన హక్కు, ఎవరి దయా కాదు.

"ఇంత గొడవెందుకు, నా పొలం నేను సేద్యం చేసుకుంటన్నా" అనే అన్నకి చివరిగా ఒక మాట. ఈ-క్రాప్ నమోదు నీ రికార్డు మీదే. బ్యాంకులో పంట రుణానికి ఆ రికార్డే. పత్తి సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కాలి, దానికీ ఆ రికార్డే. రికార్డులో పేరు తప్పుంటే, విస్తీర్ణం తప్పుంటే, పత్తి నీ చేలో ఉన్నా మద్దతు ధర నీకు రాదు, దళారి చెప్పిన రేటుకే ఇచ్చి రావాలి. హద్దు రాయి పొలం చివర ఉంటది గానీ, దాని దెబ్బ పంట అమ్మే కాడ తగులుద్ది.

కాబట్టి ఈ వారమే చేయండి. దస్తావేజు, పాస్‌బుక్, 1బీ, అడంగల్, ఎఫ్ఎంబీ ఒక కవర్లో పెట్టండి. మీ భూమి సైటులో మీ పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం సరిచూసుకోండి. రాకపోతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లని అడగండి, రెండు నిమిషాల పని. ఒక ఆదివారం పక్క పొలాలవాళ్లతో కలిసి గట్టు చుట్టూ తిరగండి. తగువు ఉన్నచోట ఆఫీసోళ్లు రాకముందే మీలో మీరు తేల్చుకుని కాగితం రాసుకోండి. పక్కాయన మీకు శత్రువు కాదు, మీ హద్దుకి అందరికంటే పెద్ద సాక్షి ఆయనే.

రీసర్వే ఇంకా రాని ఊళ్లలో మీ చుట్టాలుంటే వాళ్లకీ, పొలం ఇక్కడ పెట్టి ఎక్కడో ఉద్యోగం చేసుకునే మన పిల్లలకీ ఈ పోస్టు పంపండి. కొలిచే తేదీ తెలిసిన రోజే సెలవు పెట్టుకోమనండి.