వేగమునకు మూలము నిదానమే

ఈనాటి యువతరమునకు వేగమనిన మక్కువ మెండు. బండి వేగముగా పోవలెను. పరీక్షా ఫలితము వేగముగా రావలెను. నేర్చిన విద్య నెల తిరుగకముందే సభలో చప్పట్లు కొట్టించవలెను. ఈ తొందర సంగీతమును కూడ విడువలేదు. మన కళాశాల విద్యార్థులలో కొందరు కొంతకాలముగా మెటల్ సంగీతమునందును, అందులో రెండు పాదములతో పెడళ్ళను త్రొక్కి వాయించు డ్రమ్ములయందును ఆసక్తి చూపుచున్నారు. మేమును ఆ కొందరిలోని వారమే. ఈ వాద్యమును గూర్చి విద్యార్థి మిత్రులలో ఒక అపోహయు, కమిటీ పెద్దలలో ఒక సందేహమును ఉన్నవి. వేగమే ఈ కళకు సర్వస్వమని మిత్రుల అపోహ. ఇది వట్టి గోల, విద్యాలయమునకు తగనిది అని పెద్దల సందేహము. రెండింటికిని సమాధానము ఒక్కటే యని మా అభిప్రాయము. దానిని విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా వాద్యమును గూర్చి తెలియనివారికి కొంత చెప్పవలెను. డ్రమ్ముల సముదాయములో నేలపై ప్రక్కకు పండుకొని యుండు పెద్ద డ్రమ్మును బాస్ డ్రమ్మందురు. దానిని చేతితో కాక పాదముతో వాయింతురు. పాదము పెడలును నొక్కగా గొలుసు లాగును. గుండ్రని తలగల చిన్న సుత్తివంటి కొయ్య చర్మమును తాకును. స్ప్రింగు దానిని వెనుకకు మరల్చును. అమెరికాలో విలియం లడ్విగ్ 1909లో త్వరగా వెనుకకు మరలు పెడలును రూపొందించిన పిమ్మట పాదమునకు చురుకుదనము వచ్చినది. ఎడమ పాదమునకు కూడ ఒక బాస్ డ్రమ్మును ఇవ్వవచ్చునని లూయీ బెల్సన్ పాఠశాలలో చదువుచున్న దినములలోనే ఊహించినాడు. తరువాత 1951లో డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందమున చేరి ఆ ఊహను లోకమునకు వినిపించినాడు. 1980ల తొలినాళ్ళలో ఒకే డ్రమ్మును రెండు పాదములతో వాయించుటకు వీలుగా, ఇనుప కడ్డీతో కలిపిన జంట పెడళ్ళు అంగళ్ళకు వచ్చినవి. రెండవ డ్రమ్మును కొనలేని కుర్రవానికి కూడ ఈ విద్య అందుబాటులోనికి వచ్చినది అప్పుడే.

ఇంగ్లండునకు చెందిన మోటర్‌హెడ్ బృందము 1979లో 'ఓవర్‌కిల్' అను పాటను ఆసాంతము ఈ జంట పాదముల పరుగుపై నిలిపినది. 1986లో స్లేయర్ బృందమున డేవ్ లొంబార్డో వాయించిన తీరు విని అనేక దేశముల యువకులు పెడళ్ళ ముందు కూర్చున్నారు. మన తెలుగునాట కూడ ఈ గాలి వీచినది. హైదరాబాదులో పుట్టిన 'గాడ్‌లెస్' అను బృందము 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అను సంపుటమును వెలువరించినది. ఆ పేరు మన పెద్దలకు రుచింపకపోవచ్చును. పేరును మేము సమర్థించుట లేదు. అందలి పాదముల క్రమశిక్షణ మాత్రము వినదగినది.

ఆ క్రమశిక్షణ ఎంతటిదో ఒక చిన్న లెక్క చెప్పును. నిమిషమునకు 200 తాళపు దెబ్బలు, ఒక్కొక్క దెబ్బకు నాలుగు స్వనములు అనుకొందము. నిమిషమునకు 800 స్వనములు. అనగా క్షణమునకు పదమూడుకు పైగా. ఒక్కొక్క పాదము క్షణమునకు ఏడుమార్లకు కొంచెము తక్కువగా కదలవలెను. ఇంత వేగమున ఒక పాదము వెంట్రుకవాసి వెనుకబడినను వినువానికి వరుస తెగిపోయి కుంటినడక వినిపించును. కావున ఈ వాద్యమున వేగము కన్న సమత కష్టము. వేగమును బలవంతముగా తెచ్చుకొనవచ్చును గాని సమతను బలవంతముగా తెచ్చుకొనలేము.

ఈ సత్యమును మేము గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. అవమానమున తెలిసికొన్నాము. ఒక వార్షికోత్సవమునకు మూడు వారములే గడువున్నప్పుడు మేము నలుగురము ఒక పాటను ఎంచుకొన్నాము. పాదములకు అలవాటు లేని వేగమును మొదటి దినముననే పట్టుకొన్నాము. ఆదివారములలో మూడు గంటలు ఒక్క బిగిన వాయించితిమి. మిగిలిన దినములలో పెడలు ముఖము చూడలేదు. రెండవ వారమున మాలో ఒకనికి మోకాలి క్రింద ఎముక ముందరి కండరము పట్టివేసినది. నొప్పిని లెక్కచేయక వాయించుటయే వీరత్వమని మేమే వానిని ప్రోత్సహించితిమి. సభనాడు పాట నడుమ వాని ఎడమ పాదము నిలిచిపోయినది. కుడి పాదము ఒంటరియై పరుగెత్తినది. పాట కూలినది. ముందు వరుసలోని పెద్దలు నవ్వలేదు. వారు తలలు వంచుకొనుటయే మాకు ఎక్కువ బాధ కలిగించినది. ఆ మిత్రుడు నెల దినములు మెట్లు ఎక్కలేక ఇబ్బంది పడినాడు. తప్పు వాద్యమునది కాదు. మా తొందరది.

అటు పిమ్మట మాకు గురువులైనవారు సంగీత విద్వాంసులు కారు. మన కురబలకోటకు సమీపముననున్న మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పట్టునేతకు పేరుపొందిన చోటు. అక్కడ గుంటమగ్గము వద్ద కూర్చున్న నేతగానిని ఒకనాడు గంటసేపు చూచినాము. ఆయన పాదములు రెండును గుంటలో చెక్కలను మార్చి మార్చి త్రొక్కుచున్నవి. తొడ కదలదు. నడుము ఊగదు. కన్ను పోగుపైననే యున్నది. పాదమునకు ఎంత పని కలదో అంతకు మించి ఒక అంగుళము కూడ అది లేవదు. ఎడమ కాలు బలహీనము కాదా యని మేము అడుగగా ఆయన నవ్వి, రెండు కాళ్ళు ఒకటిగా నడవకపోతే గుడ్డ చెప్పేస్తుంది నాయనా అన్నారు. మా పాటలో కూలినదేమో అప్పుడు మాకు బోధపడినది.

ఆ దర్శనము తరువాత మేము ఆచరించిన పద్ధతిని మిత్రుల కొరకు ఇచట వివరింతుము. మొదటిది ఆసనము. తొడ మోకాలివైపు కొంచెము వాలునట్లు పీట ఎత్తును సరిచేసికొనవలెను. పాదములు రెండును గాలిలోనికి లేపినను ఒరిగిపోకుండ కూర్చోగలిగిననాడే ఆసనము కుదిరినట్లు. రెండవది స్ప్రింగు. మరీ బిగించిన పిక్క అలసిపోవును, మరీ వదులు చేసిన కొయ్య వెనుకకు రాదు. పాదము పెడలును అణచి పట్టరాదు. అది తిరిగివచ్చునప్పుడు దానితోపాటు పాదమును రానీయవలెను. మూడవది కదలిక. తక్కువ వేగమున మడమ ఎత్తి కాలంతయు కదలించి వాయింపవచ్చును. అధిక వేగమున తొడ ఆ పరుగునకు నిలువదు. అప్పుడు చీలమండ మాత్రమే చిన్నగా ఆడవలెను. నిమిషమునకు 160 మొదలు 190 వరకు గల నడుమ ప్రదేశము కఠినమైనది. అచట కాలు బరువనిపించును, చీలమండకు ఇంకను పట్టు చిక్కదు. అనేకులు ఇచటనే నిరాశపడి విడుతురు. దీనికి మందు ఒక్కటే. చీలమండ కదలికను తక్కువ వేగముననే వేరుగా నేర్చి, ఆ పిమ్మట రెండింటిని కలుపుకొనవలెను.

నాలుగవది లెక్క. చేతిలోని ఫోనులో మెట్రోనోమ్ ఉచితముగా దొరకును. 80 వద్ద మొదలిడి, అయిదు నిమిషములు ఒక్క స్వనము తప్పకుండ వాయించినప్పుడు మాత్రమే రెండు అంకెలు పెంచవలెను. ఎడమ పాదముతో ప్రారంభించి అంతే సేపు వాయింపవలెను. ఆ ఫోనులోనే మన వాయిద్యమును నమోదు చేసి వినవలెను. వాయించునప్పుడు మన చెవి మనలను పొగడును, తరువాత వినునప్పుడు నిజము చెప్పును. దినమునకు ఇరువది నిమిషములు ఆదివారపు మూడు గంటల కన్న మేలు. అలసట వేరు, నొప్పి వేరు. నొప్పి తలయెత్తిన వెంటనే ఆపుట పిరికితనము కాదు. పెడలు లేనివారు దిగులుపడ నక్కరలేదు. చదువుకొను బల్ల క్రింద చెప్పులు విడిచి, మడమలు లేపి నేలపై చేసిన సాధన కూడ వృథా కాదు.

ఇది పరదేశపు పద్ధతి యని ఎవరైన అనిన, మేము అంగీకరింపలేము. మృదంగము నేర్చు బాలునకు తొలిపాఠము 'త ధి తోం నం' అను నాలుగు అక్షరములు. గురువు దానిని మొదటి కాలమున స్థిరపరచి, రెండవ కాలమున ఇబ్బడి చేయించి, ఆపైననే మూడవ కాలమునకు తీసికొనిపోవును. మెటల్ వాయించువాని కుడి, ఎడమ, కుడి, ఎడమ అనునవి ఆ నాలుగు అక్షరములే కదా. తెలుగువారు దీనిని సాధన యన్నారు. ఉర్దూ భాషలో దీనికి రియాజ్ అని పేరు. మన కళాశాలలో రెండు భాషలును ఉన్నవి, రెండు మాటలును ఉన్నవి. ఆచరణయే తక్కువైనది.

ఇక పెద్దల సందేహమునకు వత్తుము. చప్పుడు విషయమున వారి మాట నూటికి నూరుపాళ్ళు న్యాయము. 85 డెసిబెళ్ళ చప్పుడును దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, ఆపై ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ కాలమును సగము చేయవలెననియు వృత్తి ఆరోగ్య నిపుణుల సూచన. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ వద్ద 15 నిమిషములే గడువు. మూసిన గదిలో డ్రమ్ములు ఆ హద్దును సులభముగా దాటును. పోయిన వినికిడి మరల రాదు. కావున చెవులకు రక్షణ లేకుండ వాయించుట, ప్రక్క తరగతి పాఠమును చెరచుట మాకును సమ్మతము కాదు. అయితే దీనికి పరిష్కారము నిషేధము కాదు. రబ్బరు పలకపై జంట పెడలును బిగించి వాయించిన గది దాటి శబ్దము పోదు, పాదమునకు కావలసిన శిక్షణ అంతయు లభించును.

పరాయి సంగీతము మనకేల యను ప్రశ్నకు మన ప్రాంత చరిత్రయే జవాబు. 1919లో మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసిన విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు 'జనగణమన'ను అచటనే ఆంగ్లములోనికి అనువదించినారు. పాశ్చాత్య సంగీతమున శిక్షణ పొందిన ఐర్లండు వనిత మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చినారు. ఒక కళాశాల తలుపులు తెరచియుంచినందున జరిగిన మేలు అది. కరవది గ్రామమున పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరమునకు జీవితమంతయు ధారపోసి 1998లో సంగీత కళానిధి గౌరవమును అందుకొన్నారు. సాధన చేసినవానికి వాద్యము పరాయిది కాదు. మన రాయలసీమ పల్లెలలో పీర్ల పండుగనాడు గుండము చుట్టు మ్రోగు పలక నిదానముగా మొదలై, మంట లేచిన కొలది పుంజుకొనుట మనలో చూడనివారు లేరు. ఆ పలక వాయించు చేతులను మన సభలు ఇంతవరకు వేదికపైకి పిలువకపోవుట మన లోపము.

కావున కమిటీ పెద్దలకు మా విన్నపములు నాలుగు. వాడుకలో లేని ఒక గదిని తరగతుల వేళలు, నమాజు వేళలు, పరీక్షల దినములు విడిచి, దినమునకు ఒక గంట సాధనకు కేటాయింపవలెను. ఒక జంట పెడలును, రబ్బరు పలకను, చెవి రక్షణలను సమకూర్పవలెను. ఆసక్తిగల విద్యార్థినులకు వేరుగా వేళ ఏర్పరుపవలెను. ఏడాదికొకమారు చుట్టుపట్ల గ్రామముల పలక కళాకారులను తగిన పారితోషికముతో పిలిపించి వారివద్ద లయ నేర్చుకొను అవకాశము కల్పింపవలెను. ఇందుకు బదులుగా మేము ఒక మాట ఇచ్చుచున్నాము. ఆ గదిలో హాజరు పుస్తకము ఉండును. తరగతికి రానివానికి ఆ దినమున పెడలు దొరకదు.

విద్యార్థి సోదర సోదరీమణులకు చెప్పవలసినది కూడ కలదు. ఇకపై పోటీలలో ఎవరు వేగముగా వాయించిరని అడుగుట మానుదము. ఎవరు అయిదు నిమిషములు తొణకక వాయించిరని అడుగుదము. మాలో పాదము పట్టివేసిన మిత్రుడు ఇప్పుడు 120 వద్ద ఉన్నాడు. గత వార్షికోత్సవమున వాడు పట్టబోయిన వేగమునకు అది చాల దూరము. కాని ఇప్పుడు వాని రెండు పాదములలో ఏది కుడియో, ఏది ఎడమయో కన్నులు మూసికొని వినిన చెప్పలేము. ఈ సంవత్సరము మేము సభలో ఆ వేగముననే వాయింపదలచినాము. పెద్దలు ముందు వరుసలో కూర్చుండి వినవలెనని సవినయముగా కోరుచున్నాము.