అడవిలో పడిన విషానికి లెక్క చూపండి: ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి వినతిపత్రం

రాయ్‌పూర్

గౌరవనీయులైన ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి గారికి, అటవీ శాఖ మంత్రి గారికి, నవా రాయ్‌పూర్ అరణ్య భవన్‌లోని ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గారికి

విషయం: పులి, చిరుత, తోడేలు, దుమ్ములగొండి వంటి మృగాలకు విషం పెట్టిన ఘటనల వివరాలను, వాటికి సంబంధించిన ప్రభుత్వ ఉత్తర్వులను, పరీక్షా నివేదికలను ప్రజల ముందు ఉంచాలని వినతి.

అయ్యా,

మేము రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళం. రైల్వే ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు, భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్ళు, కోంటా, భోపాలపట్నం వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్ళు మాలో ఉన్నారు. మా చుట్టాలు చాలామంది ఇప్పటికీ అడవి అంచునే పశువులను మేపుకుంటున్నారు. పులి వల్ల వచ్చే నష్టమూ, పులికి పెట్టిన విషం వల్ల వచ్చే నష్టమూ రెండూ వాళ్ళ దొడ్లోకే వస్తాయి. అందుకే ఈ విషయం మీ ముందుకు తెస్తున్నాం.

2024 నవంబర్‌లో కొరియా జిల్లా అడవిలో, గురు ఘాసీదాస్ జాతీయ ఉద్యానం వైపున, ఒక వాగు ఒడ్డున మగపులి చచ్చి కనిపించింది.   విషం పెట్టి ఉంటారన్న అనుమానాన్ని మొదట అటవీ అధికారులే చెప్పారు. బిలాస్‌పూర్‌లోని హైకోర్టు తనంతట తానే ఈ సంగతిని విచారణకు తీసుకుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే, నవంబర్ 18న, అదే అడవిని తమోర్ పింగ్లాతో కలిపి దేశంలో 56వ టైగర్ రిజర్వ్‌గా కేంద్రం ప్రకటించింది. 2,829 చదరపు కిలోమీటర్లతో అది మన నాగార్జునసాగర్–శ్రీశైలం, అస్సాంలోని మానస్ తర్వాత దేశంలో మూడో పెద్ద రిజర్వ్. దానికి రెండేళ్ళ ముందు, 2022 జూన్‌లో, ఆ ఉద్యానంలోనే విషం కలిపిన గేదె కళేబరం తిని ఒక పులి చనిపోయింది.

ఈ రాష్ట్రంలో 2014 లెక్కలో 46 పులులుంటే 2018లో 19 తేలాయి, 2022లో 17. ఇంత తక్కువ మిగిలినచోట ఒక్క పులి చావుకు కారణం ఏమిటన్నది శాఖ లోపలి సంగతిగా ఉండిపోకూడదు. పోస్టుమార్టం జరుగుతుంది, పేగులు, కాలేయం ముక్కలు పరీక్షకు వెళ్తాయి, పంచనామా రాస్తారు, నివేదిక వస్తుంది. రాయవలసినదంతా ప్రభుత్వం రాస్తూనే ఉంది. ఆ కాగితాలు పశువుల కాపరి చేతికి, ఆ వాగు నీళ్ళు తాగే ఊరికి చేరే దారి మాత్రం లేదు. మా వినతి అంతా ఆ దారి గురించే.

విషం పెట్టే పద్ధతి తెలిస్తే గోప్యత ఎంత ప్రమాదమో తెలుస్తుంది. పులి తను చంపిన పశువును ఒక్కపూటలో తినదు, రాత్రికి మళ్ళీ వస్తుంది. పశువు పోయిన మనిషికి అది తెలుసు. పొలానికి తెచ్చుకున్న గుళికల మందును కళేబరం మీద చల్లుతాడు. మన ఊళ్ళలో ఫ్యూరడాన్ అనే పేరుతో అందరికీ తెలిసిన కార్బోఫ్యూరాన్ అలాంటిదే. అది నరాల పనిని అదుపు తప్పిస్తుంది. నోట్లోంచి చొంగ కారి, కండరాలు కొట్టుకుని, చివరికి ఊపిరి ఆగిపోతుంది. పులి కంటే ముందే కుక్క రావచ్చు, నక్క రావచ్చు, రాబందులు దిగవచ్చు. అస్సాంలోని కామరూప్ జిల్లాలో 2022 మార్చిలో విషం కలిసిన మేక కళేబరం తిని దాదాపు వంద రాబందులు ఒకేచోట చనిపోయాయి. ఆ విషం వాటి కోసం పెట్టింది కాదు. కళేబరం వాగు పక్కన ఉంటే మందు నీళ్ళలోకి దిగుతుంది. ఫలానా చోట విషం దొరికిందని ఆ రోజే దండోరా వేయిస్తే తల్లి పిల్లలను అటు పోనివ్వదు, కాపరి మందను మళ్ళిస్తాడు. నెలల తర్వాత ఫైలులో చేరే నివేదిక వాళ్ళకు ఎందుకూ పనికిరాదు.

మా సొంత రాష్ట్రాల అనుభవం కూడా ఇదే. 2024 జనవరిలో తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవిలో, దరిగాం దగ్గర, ఒక పులి చనిపోతే పులుల మధ్య పోరులో పోయిందని మొదట చెప్పారు. రెండు రోజులకు దగ్గర్లోనే ఇంకో పులి కళేబరం దొరికింది. అప్పుడుగానీ విషం కలిపిన పశువు కళేబరం సంగతి బయటికి రాలేదు. మొదటి చావు దగ్గరే పూర్తి పరీక్ష వివరాలు వచ్చేదాకా కారణం తేలలేదని చెప్పి, చుట్టుపక్కల కళేబరాల కోసం ఊళ్ళను అప్రమత్తం చేసి ఉండవలసింది. ఇందుకు భిన్నంగా, 2025 జూన్‌లో కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో తల్లిపులి, నాలుగు పిల్లలు ఒకేసారి విషానికి పోయాయి. అక్కడి ప్రభుత్వం వెంటనే విచారణ వేసింది, విషం కలిపిన ఆవు కళేబరం సంగతి రోజుల్లోనే జనానికి చెప్పింది. ఐదు పులులు పోవడం ఘోరమే. అయినా చెప్పిన తీరు మాత్రం మిగతా రాష్ట్రాలు నేర్చుకోదగ్గది.

ప్రభుత్వం విషం పెట్టదు కదా, ఎవరో పెడితే మమ్మల్ని అడగడమేమిటి అనే ప్రశ్న రావచ్చు. చరిత్ర అలా లేదు. బ్రిటిష్ ప్రభుత్వం పులులకు, చిరుతలకు, తోడేళ్ళకు తలకింత అని బహుమతి కట్టి చంపించింది. రాయ్‌పూర్ అప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. 1875 నుంచి 1925 దాకా దేశంలో 80,000కు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, రెండు లక్షల తోడేళ్ళు అలా పోయాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క తేల్చారు. మన అడవుల్లో పెరిగే విషముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్ కూడా ఆ కాలపు ఆయుధాల్లో ఒకటి. ఆ పాలన క్రూరమైనది, దాన్ని మేము మెచ్చుకోవడం లేదు. కానీ ఎన్ని మృగాలు చచ్చాయి, ఎంత సొమ్ము ఇచ్చారన్న పట్టికలను అది ఏటా అచ్చు వేసేది. చంపడం కోసం పెట్టిన లెక్కను పరాయి ప్రభుత్వం అచ్చు వేసినప్పుడు, కాపాడడం కోసం పెట్టే లెక్కను మన ప్రభుత్వం అచ్చు వేయలేదా?

స్వతంత్రం వచ్చాక కూడా స్థానిక సంస్థల చేతికి విషం అంటుతూనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని లింగపాలెంలో 2021 జులైలో సుమారు 300 వీధికుక్కలను విషపు ఇంజక్షన్లతో చంపారని ఫిర్యాదు వచ్చింది. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి గ్రామాల్లో కుక్కల మూకుమ్మడి చావులపై పెట్టిన పోలీసు కేసుల్లో సర్పంచుల పేర్లు కూడా ఉన్నాయి. స్ట్రిక్నిన్ ఇంజక్షన్‌తో కుక్కలను చంపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందే నేరం. నేరమైన పనికి తీర్మానం రాయరు, బిల్లు పెట్టరు, అందుకే తర్వాత ఎవరు ఎవరికి చెప్పారో తేలదు.

చట్టం మా వైపే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకిచ్చిన అర్థంలోనే విషం పెట్టడం ఉంది. 11వ సెక్షన్ ప్రకారం మొదటి షెడ్యూల్‌లోని మృగాన్ని చంపమనాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలతో సహా రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, వేరేచోటికి తరలించడం సాధ్యం కాదని ముందు తేల్చుకోవాలి. కారణాలు రాయాలని చట్టం అన్నది ఎవరూ చదవకుండా ఉండడానికి కాదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఇంకా స్పష్టం: ఎవరూ అడగకముందే సమాచారం బయట పెట్టాలి, అదీ స్థానిక భాషను దృష్టిలో ఉంచుకుని.

ఇక మా కోరికలు.

ముందుగా, విషం అనుమానం ఉన్న ప్రతి చావుకూ బహిరంగ నమోదు పెట్టండి. పులి ఒక్కదానికే కాదు. పులి చనిపోతే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమాలున్నాయి, వేరే కారణం రుజువయ్యేదాకా అది వేట కిందే లెక్క. చిరుత, ఎలుగు, తోడేలు, దుమ్ములగొండి, రేచుకుక్క, నక్క, రాబందు చావులకు కూడా అంత పట్టింపు కావాలి. కళేబరం దొరికిన తేదీ, దగ్గరి ఊరు, శాంపిళ్ళు తీసిన రోజు, అవి పరీక్షాశాలకు చేరిన రోజు, తేలిన మందు పేరు, కేసు ఎక్కడిదాకా వచ్చింది, ఇవన్నీ అందులో ఉండాలి. తేదీలను మేము పట్టుబట్టి అడగడానికి కారణం ఉంది. ఎండలో కుళ్ళిన కళేబరంలో కొన్ని మందుల ఆనవాళ్ళు త్వరగా చెరిగిపోతాయి. ఆలస్యంగా తీసిన శాంపిల్‌లో విషం కనబడలేదంటే విషం పెట్టలేదని అర్థం కాదు. కొరియా పులి కేసుతో మొదలుపెట్టి, కోర్టు అనుమతి అవసరమైతే తీసుకుని, పరీక్షా నివేదికల పూర్తి పాఠాన్ని శాఖ వెబ్‌సైట్‌లో ఉంచండి.

దర్యాప్తు చెడుతుందని అధికారులు అనవచ్చు. నిందితుల పేర్లు, సాక్షుల పేర్లు, పులి తిరిగే జాడలు, కెమెరాల చోట్లు మేము అడగడం లేదు. మందు పేరు చెబితే ఇంకొకరికి నేర్పినట్టవుతుందన్న వాదన కూడా విన్నాం. పెట్టదలచినవాడికి ఆ పేరు ముందే తెలుసు. తెలియనిది పక్క ఇంట్లో పిల్లవాడిని పెంచుకునే తల్లికి, విషం తిన్నవాడిని మోసుకొచ్చిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకు.

నష్టపరిహారం దగ్గర ఇంకాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే విషం పుట్టేది అక్కడే. పాలిచ్చే గేదె పోయిన ఇంటికి నెలవారీ రాబడి పోతుంది. గార్డు వచ్చి చూడాలి, పశువైద్యుడు రాసివ్వాలి, ఫైలు రేంజి ఆఫీసుకు, డివిజన్‌కు వెళ్ళాలి. డబ్బు వస్తుందో రాదో, ఎప్పుడొస్తుందో తెలియని మనిషి చేతికి కళేబరమూ గుళికల పొట్లమూ ఒకే రోజున అందుబాటులో ఉంటాయి. అతణ్ణి నేరస్థుడని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలిక. అతను ఎన్ని రోజులు ఎదురుచూశాడో లెక్క చెప్పడం ప్రభుత్వం బాధ్యత. ప్రతి రేంజిలో వచ్చిన దరఖాస్తు తేదీ, చెల్లించిన తేదీ, తిరస్కరిస్తే కారణం పంచాయతీ గోడ మీద రాయించండి. మొదటి విడత సొమ్ము కళేబరం ఇంకా అక్కడ ఉండగానే చేతికందేలా ఏర్పాటు చేయండి.

మందు అమ్మకాలు వ్యవసాయ శాఖ పరిధిలోవి. ఫోరేట్‌ను దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం పూత గుళికలు తప్ప మిగతా రకాలను 2023 ఉత్తర్వుతో ఆపారు. టైగర్ రిజర్వుల చుట్టుపక్కల బ్లాకుల్లో పాత సరుకు ఎంత దొరికింది, ఎన్ని దుకాణాల లైసెన్సులు రద్దయ్యాయి, అన్నది ఏడాదికి రెండుసార్లు ప్రకటించండి. కెన్యాలో సింహాలకు కార్బోఫ్యూరాన్ పెడుతున్నారని ప్రపంచానికి తెలిశాక, 2009లో తయారీ కంపెనీ అక్కడి మార్కెట్ నుంచి సరుకును వెనక్కి తీసుకుంది. సంగతి బయటపడ్డాకే అది జరిగింది.

ప్రభుత్వ సంస్థలు స్వయంగా వాడే విషాల గురించి కూడా ఒక ప్రకటన కావాలి. అటవీ, పురపాలక, పంచాయతీ శాఖల్లో ఏ కార్యాలయమైనా జంతువులను చంపడానికి ఏ రసాయనమైనా కొన్నదా, కొంటే ఎంత, ఎవరి ఉత్తర్వుతో? కొనకపోతే కొనలేదని రాసి సంతకం పెట్టండి. అమెరికాలో కయోటీలనే తోడేలు జాతి మృగాలను చంపే ప్రభుత్వ విభాగం ఏ పద్ధతిలో ఎన్ని జంతువులను చంపిందో ఏటా ప్రకటిస్తుంది. ఆ లెక్కలు చేతిలో ఉండబట్టే అక్కడి జనం సైనైడ్ ఎరల మీద పోరాడగలిగారు, 2023లో ఒక కేంద్ర సంస్థ తన భూముల్లో వాటిని ఆపింది. న్యూజిలాండ్‌లో ఏ అడవిలో ఎప్పుడు విషం చల్లుతారో సంరక్షణ శాఖ ముందే పటం వేసి చూపుతుంది. వాళ్ళు విషం వాడుతూ కూడా చెబుతున్నారు. మన ప్రభుత్వం వాడకపోతే చెప్పడం ఇంకా సులువు.

ఈ వివరాలన్నీ హిందీతో పాటు ఛత్తీస్‌గఢీ, గోండి, హల్బీలలో, కోంటా, భోపాలపట్నం ప్రాంతాలకు తెలుగులో ఉండాలి. బీజాపూర్ జిల్లాలో ఇంద్రావతి టైగర్ రిజర్వ్ పక్కన ఉండే దోర్ల ఆదివాసీ కుటుంబానికి ఇంగ్లీషు పీడీఎఫ్ ఇచ్చి సమాచారం ఇచ్చామంటే కుదరదు. తెలుగు అనువాదానికి మనుషులు లేరన్న ఇబ్బంది రాకుండా ఆ పని మేమే చేసి పెడతాం, ఒక్క రూపాయి తీసుకోం.

ఈ వినతిపై 30 రోజుల్లో రాతపూర్వక సమాధానం ఇవ్వాలని, అరణ్య భవన్‌లో మా ప్రతినిధులను పిలిచి మాట్లాడాలని కోరుతున్నాం. ఆ సమావేశానికి అటవీ శాఖతో పాటు వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల అధికారులను కూడా పిలిపించండి, ఎందుకంటే మందు ఒక శాఖది, పశువు ఇంకో శాఖది, పులి మరో శాఖది అయినంతకాలం మా ప్రశ్న మూడు గుమ్మాల మధ్యే తిరుగుతుంది. సమావేశం తేదీ తెలిపితే కోంటా నుంచి, భోపాలపట్నం నుంచి కాపరులను మేము వెంటబెట్టుకుని వస్తాం.

ఇట్లు
రాయ్‌పూర్ నివాసులైన తెలుగు కుటుంబాల తరఫున సంతకాలు చేసినవారు

ప్రతులు: రాష్ట్ర వ్యవసాయ శాఖ, పశుసంవర్ధక శాఖ, పంచాయతీ శాఖ, రాయ్‌పూర్ నగర నిగమ్ కమిషనర్