పదకొండు వారాల వేసవి

అమెరికాలో పేద, మైనారిటీ విద్యార్థులను ప్రజారోగ్య రంగంలోకి తెచ్చిన వేసవి ఇంటర్న్‌షిప్‌లకు 2025లో గడ్డుకాలం వచ్చింది. మన దగ్గర అలాంటి దారి ఇంకా పడనేలేదు

1960ల చివరి మాట. అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీలో గణితం చదివి, వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ఆరోగ్య గణాంకాల కార్యాలయంలో కొత్తగా చేరిన బిల్ జెంకిన్స్ అనే నల్లజాతి యువకుడి చెవిన ఒక విషయం పడింది. అలబామా రాష్ట్రంలోని టస్కిగీ పరిసరాల్లో 1932 నుంచి ఒక అధ్యయనం సాగుతోంది. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు చికిత్స చేయకుండా జబ్బు ఎలా ముదురుతుందో గమనిస్తున్నారు. పోల్చి చూసుకోవడానికి జబ్బు లేని మరో 201 మంది. పెన్సిలిన్ 1940ల్లోనే అందుబాటులోకి వచ్చినా వారికి ఇవ్వలేదు. ఈ పని చేయిస్తున్నది జెంకిన్స్‌కు జీతమిస్తున్న ప్రజారోగ్య శాఖే.

ఇదేమీ రహస్యం కాదు. అధ్యయనం గురించి వైద్య పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. వాటిని చదివిన వేలాది డాక్టర్లు పేజీ తిప్పేసి ఊరుకున్నారు. ఇరవయ్యేళ్లు దాటిన ఒక గణాంక ఉద్యోగి మాత్రం ఊరుకోలేకపోయాడు. పై అధికారిని అడిగితే పట్టించుకోవద్దన్నారు. మిత్రులతో కలిసి నడిపే చిన్న పత్రికలో రాసి, డాక్టర్లకూ విలేఖరులకూ పంపితే ఎవరూ పలకలేదు. చివరికి అదే శాఖలో పనిచేసి బయటికి వచ్చిన పీటర్ బక్స్‌టన్ ఇచ్చిన సమాచారంతో 1972 జులైలో అసోసియేటెడ్ ప్రెస్ వార్త రాశాకే ఆ అధ్యయనం ఆగింది. అప్పటికి 40 ఏళ్లు గడిచిపోయాయి.

ఆ తర్వాత జెంకిన్స్ ఎపిడమాలజీలో డాక్టరేట్ చేసి, అట్లాంటాలోని కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో చేరారు. టస్కిగీ బాధితులకు, వారి కుటుంబాలకు వైద్య సాయం అందించే కార్యక్రమాన్ని అక్కడ ఆయనే చూశారు. 1997 మే 16న అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పడం వెనుక ఆయన కృషీ ఉంది. 2019లో ఆయన చనిపోయినప్పుడు పత్రికలన్నీ టస్కిగీ కథనే ప్రముఖంగా రాశాయి. ఆయన చేసిన మరో పనికి అంత ప్రచారం రాలేదు. తన కాలేజీ నుంచి తనలాంటి పిల్లలు సీడీసీ మెట్లెక్కే ఏర్పాటు చేయడమే ఆ పని.

దాని పేరు ప్రాజెక్ట్ ఇమ్‌హొటెప్. ప్రాచీన ఈజిప్టులో వైద్యుడిగా పూజలందుకున్న వ్యక్తి పేరు అది. మోర్‌హౌస్ కాలేజీ, సీడీసీ కలిసి 1980ల్లో మొదలుపెట్టిన ఈ ఇంటర్న్‌షిప్ వ్యవధి పదకొండు వారాలు. మొదటి రెండు వారాలు కాలేజీలో పాఠాలే: గణాంకశాస్త్రం, ఎపిడమాలజీ, ప్రజారోగ్య మూలసూత్రాలు. మిగతా తొమ్మిది వారాలు సీడీసీలాంటి చోట ఒక శాస్త్రవేత్త దగ్గర అసలు పని. చేతికి నిజమైన లెక్కలు ఇస్తారు. ఏ వయసు వారికి ఏ జబ్బు ఎక్కువ, ఏ ఫ్యాక్టరీలో ఎవరి ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయి లాంటి ప్రశ్నలకు సమాధానం వెతకాలి. చివర్లో పరిశోధన పత్రం రాసి, పదిమంది ముందు నిలబడి సమర్థించుకోవాలి. ఇరవయ్యేళ్ల పిల్లవాడికి ఇది చిన్న పరీక్షేమీ కాదు.

చదువుకన్నా ముఖ్యమైనది మరొకటుంది. డబ్బు. అమెరికాలో ఉన్నవాళ్ల పిల్లలు వేసవిలో తండ్రి స్నేహితుడి ఆఫీసులోనో, పేరున్న లేబొరేటరీలోనో జీతం లేకుండా పనిచేసి రెజ్యూమెలో రాసుకుంటారు. లేనివాళ్ల పిల్లలు హోటల్లో పళ్లాలు కడిగో, షాపుల్లో నిలబడో వచ్చే ఏడాది ఫీజుకు కూడబెట్టుకుంటారు. జీతంలేని ఇంటర్న్‌షిప్ ఎంత గొప్పదైనా ఈ రెండో రకం విద్యార్థికి దక్కదు. ఇమ్‌హొటెప్ స్టైపెండ్‌తో పాటు వసతి, ప్రయాణ ఖర్చులు కూడా ఇచ్చింది. వైవిధ్యం గురించి అమెరికన్ యూనివర్సిటీలు అచ్చేసిన బ్రోషర్లన్నీ కలిపినా ఈ ఒక్క ఏర్పాటుకు సాటిరావు.

ఇంకో అడ్డంకి తెలియకపోవడం. తెల్లకోటు వేసుకున్న డాక్టర్‌ను ప్రతి పిల్లవాడూ చూస్తాడు. ఎపిడమాలజిస్టును చూసినవాడెవడు? ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయికి సైన్సులో మంచి మార్కులొస్తే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది డాక్టర్ కమ్మనే. నీటిపైపుల్లో సీసం లెక్కగట్టే ఉద్యోగం ఒకటుందని, దానికి జీతమిస్తారని ఆమెకు చెప్పేవారుండరు. ఒక వేసవి అలాంటి పని చేసేవారి పక్కన కూర్చుంటే ఆ సంగతి తెలుస్తుంది. వచ్చినవారంతా ఈ రంగంలోనే ఉండిపోతారని కాదు. కొందరు మెడిసిన్‌కే వెళతారు. రోగి కన్నా ముందు అతడి వీధిని చూడటం నేర్చుకున్న డాక్టర్ దొరికితే అదీ లాభమే.

ఈ నమూనా నచ్చి సీడీసీ 2010లలో దీన్ని విస్తరించింది. కొలంబియా, మిషిగాన్ యూనివర్సిటీలు, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, బాల్టిమోర్‌లోని కెనడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి డిగ్రీ విద్యార్థులకు వేసవి శిక్షణ ఇచ్చాయి. తర్వాత ఈ కార్యక్రమానికి పౌరహక్కుల నేత జాన్ లూయిస్ పేరు పెట్టారు.

ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు 2020 జవాబు చెప్పింది. కోవిడ్ నల్లజాతి, లాటినో కుటుంబాలను మిగతావారికన్నా ఎక్కువగా బలి తీసుకుంది. టీకా వచ్చాక చాలామంది నల్లజాతీయులు జంకారు. టస్కిగీ పేరు మళ్లీ వినిపించింది. ఆ భయాన్ని మూఢత్వమని కొట్టిపారేసేవారి కన్నా, దాని చరిత్ర తెలిసి, అదే వీధి నుంచి వచ్చి, అదే యాసలో మాట్లాడే ఆరోగ్య ఉద్యోగి మాట చెల్లుతుంది.

తర్వాత గాలి మారింది. కాలేజీ ప్రవేశాల్లో జాతిని పరిగణించడం చెల్లదని 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2025 జనవరిలో ట్రంప్ రెండోసారి అధ్యక్షుడు కాగానే వైవిధ్యం పేరుతో నడిచే ప్రభుత్వ కార్యక్రమాలపై వేటు మొదలైంది. ఆ వసంతంలోనే ఆరోగ్య శాఖలో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. అందులో సీడీసీ వాటా 2,400. జాతీయ ఆరోగ్య సంస్థలైన ఎన్ఐహెచ్ 2025 వేసవి ఇంటర్న్‌షిప్‌ను పూర్తిగా రద్దు చేసింది. అది ఏ ఒక్క జాతికో ఉద్దేశించినది కూడా కాదు. శిక్షణ ఇవ్వాల్సిన శాస్త్రవేత్త సీటే ఖాళీ అయ్యాక శిష్యుడి సంగతి అడిగేదెవరు?

దీని సెగ తెలుగువారికీ కొంత తగులుతుంది. తెలుగు రాష్ట్రాల నుంచి డెంటల్, ఫార్మసీ డిగ్రీలతో వెళ్లి అక్కడ మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చేసేవారికి ఇమ్‌హొటెప్‌లాంటి వాటిలో ఎలాగూ చోటు లేదు. అవి పౌరులకు, శాశ్వత నివాసులకే. అయితే వారి కోర్సులోనూ క్షేత్రస్థాయి శిక్షణ తప్పనిసరి. సాధారణంగా దాన్ని వేసవిలోనే పూర్తిచేయాలి. ఆరోగ్య విభాగాల నిధులు, సిబ్బంది తగ్గితే వెతుకులాట పెరుగుతుంది.

మరి మన దగ్గర? భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 1979లోనే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ మొదలుపెట్టింది. రెండు నెలల పరిశోధన, ఒక గైడ్, చివర్లో నివేదిక. మంచి పథకమే. కానీ అది ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం. పైగా చాలా ఏళ్లుగా స్టైపెండ్ చేతికొచ్చేది నివేదిక ఆమోదం పొందాకే. ముందు సొంత ఖర్చు పెట్టుకోగలిగినవారికి ఇబ్బంది లేదు. నర్సింగ్, గణాంకశాస్త్రం, సోషియాలజీ చదివే పిల్లల ఊసు అందులో లేదు. ప్రజారోగ్యమంటే డాక్టర్ల వ్యవహారమన్న పాత అలవాటు అంత సులభంగా పోదు. డాక్టర్లతో పాటు ఇతర నిపుణులకూ చోటిచ్చే ప్రజారోగ్య క్యాడర్ ఏర్పాటు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. దాని మార్గదర్శకాలు రావడానికి 2022 దాకా పట్టింది. ఈ విషయంలో మొదటి నుంచీ ప్రత్యేక క్యాడర్ నడుపుకుంటున్న తమిళనాడు తీరు వేరు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే చూడండి. కొబ్బరి తోటల నడుమ ఊరూరా కిడ్నీ రోగులు. ఏళ్ల తరబడి ఎన్ని బృందాలు వచ్చినా కారణం పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఇక్కడ కావలసిన పనిలో సగం ఇల్లిల్లూ తిరిగి అడగడమే. ఏ బావి నీళ్లు తాగారు, ఎండలో ఎన్ని గంటలు పనిచేశారు, ఒళ్లు నొప్పులకు ఏ మాత్ర మింగారు? ఈ ప్రశ్నలు ఆ ఊరి యాసలో అడగగలిగిన, తండ్రినో మేనమామనో డయాలసిస్‌కు తీసుకెళ్లి వచ్చిన డిగ్రీ విద్యార్థులు సోంపేటలో, కవిటిలో ఉన్నారు. వేసవి సెలవులివ్వగానే వారిలో చాలామంది కూలి పనికో, హైదరాబాద్ బస్సుకో సిద్ధమవుతారు.