వచ్చినవారి లెక్క, కోలుకొన్నవారి లెక్క

మాణికేశ్వర్ నగర్ బస్తీకి చేరువనే ఉస్మానియా విశ్వవిద్యాలయమున్నది. అందు మనశ్శాస్త్రమునకొక శాఖయు గలదు. ఆ బస్తీలోగాని, తార్నాక మేడలలోగాని, దెబ్బలచేతనో అత్యాచారముచేతనో మనస్సు గాయపడిన స్త్రీ, సహాయము పొందిన పిమ్మట నిజముగా కోలుకొన్నదా యని విచారించువారెవరు? ఇదియే మా ప్రశ్న.

ప్రభుత్వమేమియు చేయలేదనుట అన్యాయము. 2015లో కేంద్రప్రభుత్వము సఖి కేంద్రముల పథకమును ప్రారంభించెను. 2016లో హైదరాబాదు పోలీసులు ‘భరోసా’ కేంద్రమును నెలకొల్పిరి. బాధితురాలు ఠాణాకును, ఆసుపత్రికిని, వకీలు నొద్దకును తిరిగి తన దుఃఖమును పదిచోట్ల చెప్పుకొను దురవస్థను తప్పించుటయే వీని యుద్దేశము. ఈ మేలును మేము కాదనము.

అయినను ఇట్టి సంస్థల ఘనతను చెప్పునపుడు సాధారణముగా వచ్చినవారి సంఖ్యనే చెప్పుదురు. అది గుమ్మము దాటినవారి లెక్క. ఆఱు నెలల తరువాత ఆమెకు నిద్ర పట్టుచున్నదా? తలుపు చప్పుడైన ఉలికిపడుచున్నదా? మరల పనికి పోగలుగుచున్నదా?

“దయతో చేసిన పనికి కొలత యేల?” అని కొందఱందురు. ఆపద జరిగినవెంటనే బాధితులచేత ఒక్కమాఱుగా సర్వమును చెప్పించిన మనస్సు తేలికపడునని లోకము చిరకాలము నమ్మెను. పరీక్షింపగా, ఆ పద్ధతి తరువాతి మనోవ్యాధిని నివారింపలేదని తేలినది. ఒక పరీక్షలో కీడును కనబడెను. అదియు దయతో చేసినదే కదా!

కొలుచుట అసాధ్యమనువారికి కాంగో దేశమే ప్రత్యుత్తరము. యుద్ధముచే నలిగిన ఆ దేశమున అత్యాచారమునకు గురియైన స్త్రీలకు కొన్ని గ్రామములలో విడివిడిగా ఆదరణ, మఱికొన్నింట సామూహిక చికిత్స లభించెను. చికిత్స చేసినది తర్ఫీదు పొందిన స్థానిక కార్యకర్తలే. రెండు తెగలవారికిని మేలు కలిగినది. కాని ఆఱు నెలలకు క్రుంగుబాటుగాని ఆందోళనగాని మిగిలినవారు మొదటి తెగలో నూటికి 42, రెండవ తెగలో 9 అని 2013లో ప్రకటించిరి. కొలువకున్న ఈ భేదము తెలియునా?

కొలత పేర మఱియొక విచారణ జరుగరాదు. ఆమె సమ్మతి కావలెను; పేరు గుప్తముగా నుండవలెను; జరిగినదానిని మరల అడుగక, నేటి నిద్రను, భయమును, పనిని మాత్రమే అడుగవలెను. ఇరుగుననే యున్న విశ్వవిద్యాలయము ఈ భారమునకు పూనుకొనరాదా?

చదువరులారా! మన యిండ్లలో గాయపడిన బిడ్డకు “మఱచిపొమ్మ”ని చెప్పి మన ధర్మము తీరెననుకొందుము. ఆమె మఱచినదా యని మనమైన ఎన్నడు విచారించితిమి?