పొలం చూసి విత్తనం

రైతుకి ఫుట్‌బాల్ గోల ఎందుకంటారేమో, ఒక మాట వినండి. మాంచెస్టర్ యునైటెడ్‌కి ఫెర్గూసన్ 1986లో వచ్చారు. మొదటి కప్పు 1990లో, మొదటి లీగు టైటిల్ 1993లో. అంతదాకా ఓపిక పట్టారు కాబట్టే 13 లీగులు గెలిచిపెట్టారాయన. 2013లో ఆయన దిగిపోయాక కోచ్‌లు మారుతూనే ఉన్నారు, లీగు మాత్రం రాలేదు.

2024లో వచ్చిన అమోరిమ్ వెనక ముగ్గురితో ఆడే పద్ధతి పెట్టారు. ఉన్న ఆటగాళ్లేమో నలుగురితో ఆడటానికి అలవాటుపడ్డవాళ్లు. ఆ సీజన్‌లో 15వ స్థానం. నల్లరేగడిలో వేరుశనగ వేసి విత్తనాన్ని తిడితే ఏం లాభం?

పేరు చూసి కాదు, ఉన్న ఆటగాళ్లకి సరిపోయే మనిషిని చూసి తెచ్చుకోవాలి. తెచ్చాక మూడేళ్లు కదపకూడదు. మీరేమంటారు?