చూరులో తుపాకి - ఎరుక ఎవరిది?

ఊళ్ళో గొడవైంది అనుకోండి. తెల్లారకముందే పోలీసు జీపు పల్లెలోకొస్తుంది. పాలేరు గుడిసె చూరులోంచి గోనెపట్టాలో చుట్టిన నాటు తుపాకి తీస్తారు. పంచనామా రాస్తారు, వేలిముద్ర వేయిస్తారు. అదెవరు పెట్టారని ఎవ్వరూ అడగరు. నీ ఇంట్లో దొరికింది గనక నీదే! గూడూరు అయినా, గుడివాడ అయినా, అవనిగడ్డ అయినా, అలాంటి రోజొస్తే మనం ఏం మాట్లాడాలో ముందే తెలుసుకుందాం.

దొరకటం వేరు, దగ్గర ఉంచుకోవటం వేరు. 1959 ఆయుధాల చట్టం కింద కేసు నిలవాలంటే తుపాకి దొరికితే చాలదు. అది అక్కడుందని ఆ మనిషికి ఎరుక ఉండాలి, దాని మీద అతని అదుపు ఉండాలి. సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్ లాల్ కేసులో ఈ మాట చెప్పింది. 1994లో సంజయ్ దత్ కేసులో అయిదుగురు జడ్జీలు, టాడా లాంటి కిరాతక చట్టం కింద కూడా ఎరుక ఉండాల్సిందే అన్నారు. ఆ నటుడికి చివరకు 2013లో అయిదేళ్ళ శిక్ష ఖాయమైంది, అది వేరే సంగతి. ఆయన ప్రశ్న వినటానికి అయిదుగురు జడ్జీలు కూర్చున్నారు. మన పాలేరు అదే ప్రశ్న అడిగితే స్టేషన్లో వినేదెవరు?

మన కుర్రాళ్ళు కొందరంటారు: "మాస్టారూ, ఈ ఎరుక రూలే పెత్తందార్లను తప్పిస్తోంది. దొడ్లో దొరికితే నాకు తెలీదంటాడు. ఆ రూలు తీసిపారేస్తే పోలా?"

వాళ్ళ కడుపుమంట మాకు తెలుసు. కానీ ఒప్పుకోం. ఆ రూలు పోయిన మర్నాడు జైలుకెళ్ళేది దొడ్డి ఆసామి కాదు, చూరు కింద పడుకున్నోడు. పైగా 2019 సవరణతో లైసెన్సు లేని మామూలు తుపాకికి కనీస శిక్ష ఏడాది నుంచి రెండేళ్ళయింది. పైకి అయిదేళ్ళు. అంతకన్నా తగ్గించాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. శిక్ష ఇంత బిగుసుకున్నప్పుడు, నేరం రుజువు చేసే దగ్గరే మనం గట్టిగా నిలబడాలి. ఇక ఆసామి సంగతా? దొడ్డి తాళం ఎవరి దగ్గరుంది, తూటాలు ఎవరు కొన్నారు అని అడిగితే ఆయన ఎరుక బయటపడుతుంది. అడగని వాళ్ళది తప్పు, రూలుది కాదు.

అట్రాసిటీ చట్టంలోనూ ఇదే తగువు. పెద్ద నేరాల్లో, కులం కారణంగానే చేశాడని రుజువేదీ అంటూ ఆ సెక్షన్లు కొట్టేసేవారు. 2016 జనవరి 26 నుంచి, కులం తెలిసి చేస్తే చాలని చట్టం మారింది. బాధితుణ్ణి గానీ అతని కుటుంబాన్ని గానీ ఎరిగినవాడైతే, కాదని రుజువు చేసుకునే దాకా కులం తెలిసినట్టే లెక్క. ఊళ్ళో ఎవరి కులం ఎవరికి తెలీదు? పెత్తందారు ఎరుకను దాచొద్దు, పాలేరుకు లేని ఎరుకను అంటగట్టొద్దు. మేం అడిగేది ఇంతే.

సంఘం పిల్లలు పల్లెపల్లెకూ చెప్పండి. సేద్యానికీ, ఇంటి వాడకానికీ మాత్రమే చేసిన పనిముట్లు, చేతికర్ర ఆ చట్టంలో ఆయుధాలే కావు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదా అంతా వీడియో తీయాలి. వీడియో ఏదని అడగండి. చదివి వినిపించని కాయితం మీద వేలిముద్ర వేయొద్దు. ఎస్సీ, ఎస్టీలకు ఉచిత వకీలు 1987 చట్టం ఇచ్చిన హక్కు. బందరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, వెళ్ళండి. ఒక్కరుగా కాదు, పదిమందిగా వెళ్ళండి.

జై భీమ్!