మొక్క నాటితే సరా? మంటను ఆపేదెవరు?

ఏటా వానకాలం మొదట్లో వనమహోత్సవం జరుగుతుంది. 1950లో నాటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన ఈ పండుగ మంచిదే. బడిపిల్లలు వరుసగా నిలబడతారు, పెద్దలు మొక్క నాటి నీళ్లు పోస్తారు, ఉపన్యాసాలు ముగుస్తాయి. మర్నాటి నుంచి ఆ గుంత వైపు చూసేవారు చాలాచోట్ల కనిపించరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం పీఠభూమిలో జులైలో నాటిన మొక్క కాపలా లేకుండా ఎండాకాలం దాటడం కష్టం.

చెన్నేకొత్తపల్లి మండలం వారు ఇందుకు వేరే దారి చూపారు. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులు, వారి మిత్రులు 32 ఎకరాల బీడులో టింబక్టు కలెక్టివ్ స్థాపించారు. తర్వాత చుట్టుపక్కల గ్రామస్తులతో కలిసి ముష్టికోవెల పరిసర కొండలను కాపాడే పని చేపట్టారు. నేడు కల్పవల్లిగా పేరొందిన ఆ నేల దాదాపు 9 వేల ఎకరాలు. 2022 ఏప్రిల్ నుంచి ఆ మండలం శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నప్పటికీ, ఆ పాఠం రెండు జిల్లాలదీ.

అక్కడ మొక్కలు నాటలేదని కాదు, విత్తనాలు చల్లలేదని కాదు. కాని అడవి తిరిగి రావడానికి ముఖ్య కారణం కాపలా. బోడికొండగా కనిపించిన నేలలో సైతం పాత చెట్ల వేళ్లు బతికే ఉంటాయి. గొడ్డలి పడకుండా, లేత చిగురు మేకల పాలు కాకుండా, ఎండుగడ్డికి నిప్పంటుకోకుండా కొన్నేళ్లు చూస్తే అవే మొలకెత్తుతాయి. గడ్డి నిలిచిన వాలులో వాననీరు పరుగెత్తదు, మట్టి కోసుకుపోదు. వంక మరికొన్నాళ్లు పారుతుంది. గుడిసెకు బోద, పశువుకు మేత, పొరకకూ బుట్టకూ ఈత ఆకు దొరుకుతాయి.

వీటన్నిటికీ పెద్ద శత్రువు నిప్పు. ఆర్పకుండా పారవేసిన ఒక్క బీడీ ముక్క చాలు, పదేళ్ల కష్టం ఒక మధ్యాహ్నంలో బూడిద అవుతుంది. అందుచేత వేసవి ముదరకముందే గడ్డి కోసి, మంట దాటలేని వెడల్పున బాటలు తీయాలి. కొండ మీద కాపలా ఉండాలి. ఫొటోలకూ ఉపన్యాసాలకూ అందని ఈ పనే అసలైన వనమహోత్సవం.

ఈ ప్రాంతానికి కాపలా కొత్త కాదు. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు తమ ఆడబిడ్డల్లా చూసుకుంటారు, వేటాడనివ్వరు. ఆ పక్షులను ఎవరూ తెచ్చి పెట్టలేదు. వచ్చినవాటిని కాపాడారు, అంతే.

కొండకు కాపలా పెడితే గొర్రెల కాపరి నోరు కొట్టినట్లు కాదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త చిగురు కోసం గడ్డి తగులబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉన్నమాట నిజం. దానికి జరిమానా మందు కాదు. ఏ వాలు ఎప్పుడు మేపాలో, ఏది వదలాలో కాపరులతో కూర్చుని ముందే తేల్చుకోవాలి. తోడేలు జాడ, నీటి చెలమ, ప్రతి చెట్టు పేరు తెలిసినవాడు కాపరే. పిల్లలను కొండకు తీసుకుపోయే రోజున అతడే గురువు కావాలి.

ఇందులో మరో సంగతి ఉంది. రెవెన్యూ లెక్కల్లో ఇటువంటి కొండలు బంజరు. కల్పవల్లిలో గాలిమరలు నిలిపేందుకు కొండలు కోసి దారులు వేసినపుడు, 2013లో గ్రామస్తుల సంఘం జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. గాలి కరెంటు వద్దని ఎవరూ అనరు. కాని కాగితంలో బంజరు అని ఉన్నంత మాత్రాన అక్కడేమీ లేదనుకోరాదు. ఏముందో చెప్పగలవారు ఆ కొండ ఎక్కి దిగినవారే.

కనుక బడులు, పంచాయతీలు, అటవీ శాఖ కలిసి జులైలో ఒక రోజుతో సరిపెట్టక, గడ్డి ఎండే జనవరి నుంచి తొలివాన దాకా కార్యక్రమం నడపాలి. నిప్పు బాటలు తీసే పెద్దలకు ఉపాధి హామీ కింద కూలి దక్కే వీలును అధికారులు పరిశీలించాలి. పిల్లలకు నెలకొక పూట కొండనడక, చెట్ల గుర్తింపు చాలు. మంటల దగ్గరకు వారిని పంపరాదు. ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క ఏటా వస్తూనే ఉంది. ఎన్ని ఎకరాలు కాలకుండా మిగిలాయన్న లెక్క కూడా ఇకనైనా రావాలి.